చౌడమ్మ గుడి వెనక కోసిన తప్పెట్లు

నా పేరు యశోద. మా ఆయన పేరు వీరభద్ర, బతికి లేడు. నా వయసు ముప్పై ఎనిమిది. వృత్తి మగ్గం, నూలు చీరలు నేస్తాను. కర్నూలు జిల్లాలో పడమటి వైపున ఉన్న నల్లదొడ్డి మా ఊరు. ఏడో తరగతి వరకు చదివాను. చదవడం, సంతకం చేయడం వచ్చు.

ఈరోజు సోమవారం. పొద్దున పదకొండు గంటలకు నన్ను మెజిస్ట్రేటు మేడం గారి గదిలోకి తీసుకొచ్చారు. పోలీసులను బయటికి పంపి తలుపు వేయించారు. నేను ఏమీ చెప్పాల్సిన పని లేదని, చెబితే అది నా మీదే సాక్ష్యం అవుతుందని మేడం గారు రెండుసార్లు చెప్పారు. అర్థమైందని రెండుసార్లూ చెప్పాను. ఎవరన్నా భయపెట్టారా అని అడిగారు. లేదు. కోపం మీద చెబుతున్నావా అని అడిగారు. అవును, కోపం మీదనే చెబుతున్నాను. కోపంలో ఉన్నవాళ్ళు అబద్ధమే చెప్పాలని లేదు.

నా మీద మూడు మాటలు రాశారు. జాతర రోజు తప్పెట్లు కోశానని ఒకటి. మా ఆయన అన్న, మా బావ ఓబన్నను కత్తితో పొడిచానని ఒకటి. తప్పెట్లు కొట్టే దావీదురాజు, నేను కూడబలుక్కుని ఈ పని చేశామని ఒకటి. మొదటిది నిజం. మిగతావి అబద్ధం.

మొదలు పెట్టకముందే రాసే ఆయనకు ఒక మాట చెప్పాను. పోలీసులు రాసుకున్న కాగితంలో మా పిల్లకు పూనకం వస్తుందని ఉంది. ఇందులో అలా రాయొద్దు. మా పిల్ల పడిపోతుంది. పడిపోతుందనే రాయండి.

పిల్ల పేరు శివలీల. నాకు ఒక్కతే. పద్నాలుగేళ్ళు. తొమ్మిదో తరగతి.

మా ఊరి చౌడమ్మ జాతరలో ఒరుగు చూసేది అని ఒక పద్ధతి ఉంది. మా అత్తగారింటి ఆడపిల్లను గుడి ముందర పీట మీద కూర్చోబెడతారు. చుట్టూ తప్పెట్ల వాళ్ళు చప్పుడు చేయకుండా నిలబడతారు. జనం కూడా మాట్లాడరు. ఓబన్న చెయ్యి ఎత్తగానే అన్ని తప్పెట్లూ ఒక్క దెబ్బగా మోగుతాయి. పిల్ల పడిపోతుంది. ఏ వైపుకు ఒరిగిందో, తల ఎటు ఉందో చూస్తారు. తల తూర్పుకు ఉంటే ముందు వానలు మంచివని వేరుశనగ వేస్తారు. పడమటికి ఉంటే వెనక వానలని పత్తి వేస్తారు. దక్షిణానికి ఉంటే ఆ ఏడు చేతులు ముడుచుకుని కూర్చుంటారు. చుట్టుపక్కల ఊళ్ళ రైతులు కూడా వచ్చి చూసుకుని పోతారు. మేము మగ్గం వాళ్ళం. మాకు సెంటు భూమి లేదు.

మా పిల్ల కంటే ముందు ఆ పీట మీద కూర్చున్నది మా ఆడబిడ్డ గిడ్డమ్మ. నేను కాపురానికి వచ్చిన రెండో ఏడు జాతరలో పడింది, లేవలేదు. నీళ్ళు చల్లారు. పేరు పెట్టి పిలిచారు. లేవలేదు. ఆమె తల ఉత్తరానికి ఉంది. ఉత్తరానికి అంతవరకు ఎవరూ పడలేదంట, దానికి ఏమి అర్థమని పెద్దలు అక్కడే నిలబడి చాలాసేపు మాట్లాడుకున్నారు. ఆమె నేల మీదే ఉంది. చివరికి అమ్మ తనలో కలుపుకుందని తేల్చారు. గుడి పక్కన అరుగు కట్టి దీపం పెడుతున్నారు. ఆమెకు ఇరవై రెండేళ్ళు. ఆమె మగ్గం మీద చీర సగంలో ఆగి ఉండింది. మిగతా సగం నేను నేశాను.

మా ఆయన ఆరేళ్ళ కింద పోయాడు. తెల్లవారుజామున నిద్రలో ఉండగా ఇంటి ముందరి స్తంభానికి కట్టిన మైకు ఒక్కసారిగా మోగింది. ఉలిక్కిపడి లేచి కూర్చున్నాడు. కూర్చున్నవాడు అలాగే పక్కకు వాలాడు. గుండెపోటు అన్నారు. ఆయనకు బీడీ కూడా అలవాటు లేదు.

గిడ్డమ్మ పోయాక చాలా ఏళ్ళు ఒరుగు లేదు. ఇంట్లో ఎదిగిన ఆడపిల్ల లేదు. ఓబన్నకు ఒక్కడే కొడుకు, పేరు రామాంజి. మూడేళ్ళ కింద జాతరలో మా శివలీల బొరుగులు తింటూ తప్పెట్ల పక్కన నిలబడింది. తప్పెట్లు మొదలు కాగానే పడింది. బొరుగులు విత్తనం చల్లినట్టు పడ్డాయి. నేను పరిగెత్తేలోపు ఓబన్న చేతులు అడ్డం చాపి నిలబడ్డాడు.

"ఎవురూ ముట్టుకోవద్దండి. తల యాపక్క ఉండాదో ముందు సూడండప్పా" అని అరిచాడు.

తల తూర్పుకు ఉంది. ఆ ఏడు వానలు పడ్డాయి. అన్ని ఊళ్ళలోనూ పడ్డాయి. మా ఊళ్ళో మాత్రం మా పిల్ల పడినందుకు పడ్డాయి.

తర్వాత రెండేళ్ళు పీట మీద కూర్చోబెట్టారు. రెండేళ్ళూ పడింది. రెండేళ్ళూ లేచింది. నీకు ఇష్టమై కూర్చోబెట్టావా అని మేడం గారు అడిగారు. అది జబ్బని అప్పటికి ఎవరూ నాకు చెప్పలేదు. పిల్లకు మాత్రం ఇష్టమే. దాచను. ముసలివాళ్ళు వచ్చి కాళ్ళకు మొక్కుతుంటే ఏ పిల్లకు ఇష్టం ఉండదు? నేను గిన్నెలు తోమలేదని తిడితే, "ఊరంతా నాకు మొక్కుతాండారు, నువ్వొక్కదానివే తిడతాండావు" అనేది.

పోయిన చలికాలంలో బడిలో పడింది. గంట కొట్టే చోటికి పక్కనే వాళ్ళ తరగతి. గంట మోగగానే బెంచీ మీద నుంచి కింద పడింది. బడిలో జాతర లేదు, పీట లేదు. వాళ్ళ టీచరు భయపడి ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయింది. అక్కడి డాక్టరు మూర్ఛ అన్నాడు. మూర్ఛకు మాత్రలు రాశాడు. అవి వాడుతుండగానే మళ్ళీ గంటకు పడింది. అప్పుడు ఆ టీచరే కర్నూలుకు పోయి గుండె డాక్టరుకు చూపించమంది.

కర్నూలులో చూసింది జయపాల్ డాక్టరు. మొదటి డాక్టరు పడినప్పుడు నురగ వస్తుందా, నాలుక కరుచుకుంటుందా అని అడిగాడు. ఈయన అది అడగలేదు.

"పడేదానికి ముందు ఏమి జరుగుతాదమ్మా?" అన్నాడు.

"చప్పుడు అయితాది సార్."

"ప్రతిసారీనా?"

"ప్రతిసారీ. తప్పెట, బడి గంట."

"ఇంట్లో ఇంకెవురన్నా ఇట్ల పడినారా?"

గిడ్డమ్మ సంగతి, మా ఆయన సంగతి చెప్పాను. ఆయన పెన్ను కింద పెట్టాడు. పిల్లకు ఇసిజి తీయించి, ఆ కాగితం మీది గీతలను స్కేలు పెట్టి తానే కొలిచాడు. ఒకసారి కొలిచి, మళ్ళీ కొలిచాడు.

ఇది పుట్టుకతో వచ్చే జబ్బని, తండ్రి వైపు నుంచి వచ్చిందని చెప్పాడు. గుండె ఒకసారి కొట్టుకున్నాక మళ్ళీ సిద్ధం కావడానికి కొంచెం సమయం పడుతుందంట. ఈ పిల్లకు ఆ సమయం మామూలు కంటే ఎక్కువ. ఆ సందులో ఉలికిపాటు తగిలితే గుండె కొట్టుకునే తీరు తప్పుతుంది. కొట్టుకోదు, వణుకుతుంది. తానే సర్దుకుంటే మనిషి లేస్తుంది. సర్దుకోకపోతే లేవదు. నాకు మగ్గం తెలుసు కాబట్టి అర్థమైంది. అడ్డపోగు మోసే నాడె ఈ దరి నుంచి ఆ దరికి చేరకముందే పోగును బిగించే పలక కొడితే పడుగు దారాలు తెగుతాయి. మగ్గాల చప్పుడుకు భయం లేదన్నాడు, అది రోజూ ఉండే చప్పుడు. ఎదురుచూడనిది, ఒక్కసారిగా వచ్చేది మంచిది కాదన్నాడు. పీట మీద ఎదురుచూస్తూనే కూర్చుంటుంది కదా సార్ అన్నాను. ఎప్పుడు మోగుతుందో తెలియక బిగపట్టుకుని కూర్చోవడం ఇంకా చెడ్డదన్నాడు.

ఎప్పుడు వస్తుందో ముందుగా చెప్పగలరా అని అడిగాను.

"ఏ పొద్దని చెప్పలేనమ్మా. ఏ చప్పుడుకని మాత్రం చెప్తా" అన్నాడు.

గీతల పొడవు, ఆడపిల్ల కావడం, ఈ వయసు, ఇంతకుముందు పడి ఉండడం, ఇవన్నీ కలిపి లెక్క వేస్తారంట. ఇలాంటి పిల్లలు నూరు మంది ఉంటే, ఏమీ చేయకుండా వదిలేస్తే, కొన్నేళ్ళలో ఇరవై మంది దాకా గిడ్డమ్మ లాగే పోతారన్నాడు. రోజూ మాత్ర వేయాలి, ఒక్క పూట కూడా మానకూడదన్నాడు. ఛాతీలో చర్మం కింద చిన్న యంత్రం పెట్టాలన్నాడు. గుండె వణికితే అది లోపలే కరెంటు ఇచ్చి దారికి తెస్తుంది. ఆరోగ్యశ్రీ కింద అనుమతి రావాలి, అంతవరకు తప్పెట దగ్గరికి పోనీయొద్దన్నాడు. ఫోను మోత కూడా తీసేయమన్నాడు. ఆ రోజు నుంచి నా ఫోను మోగదు.

తండ్రి వైపు వాళ్ళందరినీ తీసుకురమ్మన్నాడు. ఓబన్న ముందు రానన్నాడు, తర్వాత కొడుకును తీసుకుని వచ్చాడు. ఓబన్న ఇసిజి బాగుంది, కొందరికి జబ్బు లోపల ఉన్నా గీతల్లో కనపడదంట. రామాంజికి మా పిల్లకు ఉన్నట్టే ఉంది. డాక్టరు ఆ మాట మా ఇద్దరి ముందరే చెప్పాడు.

ఓబన్న నవ్వి, "మా వోడు బస్తా నూలు ఒంటిచేత్తో ఎత్తుతాడు సార్" అన్నాడు. అయినా మాత్రలు తీసుకుని జేబులో పెట్టుకున్నాడు.

జాతర దగ్గరికి వచ్చాక గుడి ముందర కమిటీ వాళ్ళు కూర్చుని ఉంటే నేనే పోయి చెప్పాను. ఈ ఏడు పిల్లను కూర్చోబెట్టనన్నాను. ఓబన్న కమిటీకి పెద్ద.

"డాక్టరు చెప్పింది నువ్వే చెప్పు యశోదా. నేను చెప్తే ఎక్కువ తక్కువ చెప్పినానంటావు" అన్నాడు.

నూరు మందిలో ఇరవై అన్న మాట చెప్పాను.

"అంటే ఎనభై మంది బాగుంటారనే కదప్పా?" అని ఓబన్న అందరి వైపు తిరిగాడు.

"నూటికి ఎనభై అంటే మన ఊరి కరెంటు కంటే నయమే" అని బొజ్జన్న అన్నాడు. ఆయన వేరుశనగ రైతు. అందరూ నవ్వారు.

"మరి ఏ పొద్దు అయితాదని చెప్పినాడా మీ డాక్టరు?"

"చెప్పలేదు బావా."

"అమ్మ తల వాల్చి ఏడాది వాన చెప్తాది. ఇన్ని మిషన్లు పెట్టుకొని ఒక పొద్దు చెప్పలేడా ఆయప్ప?"

"తప్పెట కొడితే అయితాదని చెప్పినాడు" అన్నాను.

దానికి ఎవరూ నవ్వలేదు. బొజ్జన్న, "అంగడికి పోయి విత్తనం తేవల్ల తల్లీ. ఏ విత్తనమో తేలల్ల గదా" అన్నాడు. చెడ్డవాడు కాదు. విత్తనం గురించే అడిగాడు.

మరుసటి రోజే పిల్లను తీసుకుని నందికొట్కూరులో మా పుట్టింటికి పోయాను. అక్కడ మా అమ్మ ఒక్కతే ఉంటుంది. జాతర పోయిన శుక్రవారం. ఆ రోజే యంత్రం అనుమతి కాగితాల మీద నా సంతకం కావాలని ఆసుపత్రి నుంచి పిలిచారు. పిల్లను అమ్మ దగ్గర ఉంచి పొద్దున్నే కర్నూలు బస్సెక్కాను. నేను పోయాక ఓబన్న మా అమ్మకు ఫోను చేశాడు. యశోద యాడికి పోయిందని అడిగితే కర్నూలు పోయిందని అమ్మ చెప్పేసింది. మధ్యాహ్నానికి కారు తీసుకుని వచ్చి, యశోదే పిల్చుకొని రమ్మనింది, ఆసుపత్రి పని అయిపోయింది, నేరుగా ఊరికే వస్తాది అని చెప్పి పిల్లను ఎక్కించుకుపోయాడు. పిల్ల నవ్వుకుంటూ ఎక్కిందని అమ్మ చెప్పింది. అమ్మకు అనుమానం వచ్చి నాకు ఎన్నోసార్లు చేసింది. నా ఫోను మోగదు. పిల్ల కోసం మోత తీసేసిన ఫోను, పిల్లను తీసుకుపోతుంటే మోగలేదు.

ఆసుపత్రిలో పని అయింది. బుధవారం చేర్పించమన్నారు. రెండు నెలలకు సరిపడా మాత్రలు ఇచ్చారు. బయటికి వచ్చి ఫోను చూసి అమ్మకు చేస్తే సంగతి తెలిసింది. నేరుగా నల్లదొడ్డికి బయల్దేరాను. దిగేటప్పటికి పొద్దు వాలింది, ఇంకా చీకటి పడలేదు.

ముందు ఓబన్న ఇంటికి పోయాను. ఓబన్న భార్య హులిగెమ్మ వరండాలో పూలు కడుతూ ఉంది.

"పిల్ల యాడుండాది అక్కా?"

"గుడికాడికి పిల్చకపోయిరి. ఇప్పుడే చీర కట్టిస్తి."

"మాత్ర వేసుకునిందా?"

"ఆయమ్మి వేసుకుంటాననే, మీ బావనే వద్దనె. మాత్ర మింగితే అమ్మ రాదంట గదా."

ఈ మాట సరిగ్గా రాయాలి. డాక్టరు మాట పనికిరాదన్నవాడు, ఆ మాత్ర పని చేస్తుందని మాత్రం నమ్మాడు. నమ్మాడు కాబట్టే ఆపాడు.

ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. జాతర రోజు రామాంజి ఇంట్లో లేడు. వాడికి తప్పెట్లంటే ప్రాణం.

"రామాంజి యాడ అక్కా?"

"బద్వేలు పంపించినాడు, మా చిన్నాయన ఇంటికి. తప్పెట్ల చప్పుడు వానికి మంచిది కాదంట గదా, డాక్టరు చెప్పెనే..." అంది. అనేసి నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

పక్కనే మా ఇల్లు. తాళం తీసి, మగ్గం మీద చీర కోసే చిన్న కత్తి తీసుకున్నాను. ఓబన్నను పొడవడానికి తీసుకోలేదు. తప్పెట్ల కోసమే తీసుకున్నాను. ముందే అనుకుని తీసుకున్నాను, అలాగే రాయండి.

గుడి వెనక గడ్డి మంట వేసి తప్పెట్లు కాస్తున్నారు. చర్మం బిగుసుకోవడానికి మంటకు ఆనించి పెడతారు. నాలుగు తప్పెట్లు ఉన్నాయి. మిగతా వాళ్ళు టీ తాగడానికి పోయారు. దావీదురాజు ఒక్కడే గడ్డి ఎగదోస్తూ కూర్చున్నాడు.

"ఏమి యశోదక్కా, కత్తి పట్టుకొని వస్తాండావు? చీర ఎవురికి కోస్తావు ఈడ?" అని నవ్వాడు.

నేను మొదటి తప్పెట తీసి కోశాను. వేడికి బిగుసుకుని ఉంది కాబట్టి కత్తి మొన తగలగానే అంచు దాకా తానే చీలింది. దావీదురాజు లేచి నా చెయ్యి పట్టుకున్నాడు.

"అది మా నాయన తప్పెటక్కా!"

"నా బిడ్డ పడేది దీని చప్పుడుకే. అమ్మ వచ్చి కాదు."

"నేను కొట్టబట్టి పడతాదా?"

"నువ్వు కొట్టబట్టే. డాక్టరు చెప్పినాడు. ఈసారి లేస్తాదో లేదో తెల్దు."

ఆయన నా చెయ్యి వదిలేశాడు. "ఒరుగు అంటే దేవుని పని అనుకుంటి. మాకు ఎవురు చెప్పినారక్కా?" అన్నాడు. మిగతా మూడు కోస్తుంటే అటు తిరిగి నిలబడ్డాడు. నాకు సాయం చేయలేదు, ఆపలేదు. ఒక ఆడమనిషి చెయ్యి వదిలేయడం కుట్ర అని పోలీసులు రాశారు. ఆ రోజు స్టేషన్లో ఆయన్ను పక్క గదిలో కొట్టారు. నాకు వినపడింది. నన్ను కొట్టలేదు. తప్పెట్లు కోసింది నేను. ఆయన కొట్టించుకున్నాడు. తప్పు చేసింది ఎవరైనా, దెబ్బ ఎవరి మీద పడాలో మా దగ్గర ముందే తేలిపోయి ఉంటుంది. ఆయన తప్పెట్లు నేను కొనిస్తాను. ఈ కేసులో నేను క్షమాపణ చెప్పేది ఆయన ఒక్కడికే.

తర్వాత గుడి ముందరికి పోయాను. పిల్ల పీట మీద ఉంది. పచ్చ చీర, ముఖానికి పసుపు. నన్ను చూసి, "అమ్మా, పో. అందరూ సూస్తాండారు" అంది.

తప్పెట్లు కోసిన సంగతి అప్పటికే ఒకడు పరిగెత్తుకొచ్చి చెప్పాడు. జనం గోల చేశారు. ఓబన్న చెయ్యి ఎత్తి ఆపాడు.

"తప్పెట్లు లేకుంటే ఏమప్పా? జేగంట ఉండాది, తెండి" అన్నాడు.

నేను పోయి రెండు అరచేతులతో పిల్ల చెవులు మూశాను. కత్తి అప్పటికీ నా వేళ్ళ సందులోనే ఉంది, కిందికి ఉంది. పిల్ల విడిపించుకోవాలని చూసింది. నేను వదల్లేదు.

"నీ కొడుకును బద్వేలులో దాచిపెట్టుకొని నా కూతుర్ని కూర్చోబెడతావా బావా? ఎనభై మంది బాగుంటారంటివి గదా. ఆ ఎనభైలో నీ కొడుకును కూర్చోబెట్టు" అన్నాను.

జనానికి ఆ సంగతి తెలియదు. బొజ్జన్న ముందుకు వచ్చాడు.

"నిజమేనా ఓబన్నా? మీ వోనికీ ఉండాదా?"

"మగపిల్లోని మాట వేరప్పా. అమ్మ ఆడపిల్ల మీదనే వస్తాది" అన్నాడు ఓబన్న.

"నేను అడిగింది అమ్మను గురించి కాదు. జబ్బు ఉండాదా, లేదా?"

ఓబన్న నా మీదికి వచ్చి కత్తి లాక్కోబోయాడు. పిడి దొరక్క అలుగు పట్టుకున్నాడు. అరచెయ్యి తెగింది. నేను పొడవలేదు. పొడవాలనుకుంటే ఆయన మెడ నా ముందరే ఉంది. జాతర బందోబస్తుకు వచ్చిన ఎస్సై గారు నన్ను పట్టుకున్నారు. జేగంట మోగలేదు. ఆ రోజు పిల్ల పడలేదు.

అప్పటి నుంచి నేను లోపల ఉన్నాను. పిల్ల పెద్దనాయన ఇంట్లో ఉంది. తండ్రి లేని పిల్ల, తల్లి జైల్లో ఉంది, పెద్దనాయన దగ్గర కాక ఎక్కడుంటుంది అని ఎస్సై గారు అన్నారు. నిన్న ఆడ కానిస్టేబులు ఒకామె చెప్పింది. ఒరుగు ఆగితే ఊరికి అరిష్టమని రేపు మంగళవారం మళ్ళీ పెట్టుకున్నారంట. ఆదోని నుంచి కొత్త తప్పెట్లు, కొట్టేవాళ్ళు వస్తున్నారంట. పిల్లకు శుక్రవారం నుంచి మాత్ర లేదు. బుధవారం ఆసుపత్రి. మధ్యలో మంగళవారం ఉంది.

నేను నా బెయిలు అడగడం లేదు. లాయరును అడగడం లేదు. ఈ మాట చెప్పడానికే వాంగ్మూలం ఇస్తానని నా అంతట నేనే అడిగాను.

రాసింది నాకు చదివి వినిపించారు. సరిగ్గానే ఉంది. సంతకం పెట్టమన్నారు. పెట్టనన్నాను. సంతకం లేకపోతే ఈ వాంగ్మూలానికి విలువ లేదని మేడం గారు చెప్పారు. నేరం ఒప్పుకున్న కాగితం కావాల్సింది పోలీసులకు, నాకు కాదు అన్నాను. పిల్లను నా కళ్ళ ముందరికి తెస్తే పెడతాను, తేకపోతే చెయ్యి విరిచినా పెట్టనన్నాను. కోర్టుకు షరతులు పెడుతున్నావా అని గుమస్తా ఆయన కోప్పడ్డాడు. అవును, పెడుతున్నాను అన్నాను. మేడం గారు ఆయన్ను ఊరుకోమన్నారు. జయపాల్ డాక్టరుకు ఫోను చేయించి చాలాసేపు మాట్లాడారు. తర్వాత ఆడ కానిస్టేబులును జీపులో పంపారు. ఈ కింది మాటలు పిల్ల వచ్చాక చేర్చినవి.

మూడున్నరకు పిల్ల వచ్చింది. ముఖాన పసుపు అలాగే ఉంది. చేతుల నిండా కొత్త గాజులు. నా దగ్గరికి రాలేదు. తలుపు దగ్గరే నిలబడింది.

"తప్పెట్లు యాల కోస్తివి? దావీదు మామ వాళ్ళింట్లో అందరూ ఏడుస్తాండారంట" అంది.

"మాత్ర వేసుకుంటివా?"

"నేనడిగిందానికి చెప్పు."

"ముందు మాత్ర వేసుకో."

స్టేషన్లో తీసుకున్న నా సంచిని మేడం గారు తెప్పించారు. ఆసుపత్రిలో ఇచ్చిన మాత్రలు అందులోనే ఉన్నాయి. మేడం గారు తన సీసాలో నీళ్ళు ఇచ్చారు. పిల్ల నన్ను కోపంగా చూస్తూనే మింగింది. నోరు తెరువు అన్నాను. తెరిచి చూపించింది.

పిల్లను ఇక్కడి నుంచే కర్నూలుకు తీసుకుపోయి జయపాల్ డాక్టరు వార్డులో చేర్పించాలని, యంత్రం పెట్టేవరకు ఆడ కానిస్టేబులు తోడుండాలని, రేపు గుడి ముందర ఎవరినీ పీట మీద కూర్చోబెట్టకూడదని మేడం గారు ఉత్తర్వు రాశారు. నేను దాన్ని అడిగి తీసుకుని చదువుకున్నాను. ఎవరినీ అన్న మాటలో రామాంజి కూడా వస్తాడా అని అడిగాను. వస్తాడన్నారు. వాడికీ యంత్రం కావాలేమో డాక్టరును అడగమని చెప్పాను. వాడు ఓబన్న కొడుకైనా పిల్లోడే.

పిల్లను జీపు ఎక్కించారు. నాతో మాట్లాడకుండానే పోయింది. మాట్లాడకపోతే పోనీ. కోపం చేసుకోవడానికి మనిషి ఉండాలి కదా, ఉంది.

ఇందులో ఉన్నది నా మాట. ఎవరూ నేర్పలేదు, నేను ఏదీ దాచలేదు, చదివి వినిపించింది విన్నాను, అంతా జరిగినట్టే ఉంది. తప్పెట్లు కోసింది నేనే. జీపు గేటు దాటిపోయేది కిటికీలోంచి చూసి సంతకం పెడుతున్నాను.

(సంతకం) యశోద